జర్మన్ డివిజన్ చరిత్ర, డాబాగార్డెన్స్ అచ్చు

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు వేసే ఈ దుకాణానికి నేను అప్పగించిన పని వారికి అలవాటైనది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యానికి చెందిన 71వ పదాతి డివిజన్ ఎక్కడ పుట్టి, ఏయే రంగాల్లో పోరాడి, ఎలా ముగిసిందో తెలుగులో రాసుకున్న పుస్తకాన్ని ఇక్కడ డీటీపీ చేయించి, మ్యాపులు గీయించి, డిజిటల్ ప్రింటులో 50 ప్రతులు వేయించుకున్నాను. అక్షరాల కూర్పు, పట్టికలు, మ్యాపులు నేను అనుకున్నదానికంటే బాగా వచ్చాయి. ఫోటోలు ఓ మోస్తరుగా ఉన్నాయి. బైండింగ్ మీద మాత్రం నాకు గట్టి ఫిర్యాదులే ఉన్నాయి. పట్టికలు, మ్యాపులు, పరాయి పేర్లు దండిగా ఉండే పుస్తకాన్ని సొంత ఖర్చుతో వేయించుకోదలచినవారికి ఉపయోగపడుతుందని కాస్త వివరంగానే రాస్తున్నాను.

యుద్ధ చరిత్రలో ఒక డివిజన్ కథ చెప్పాలంటే ముందు దాని నిర్మాణం పాఠకుడికి కళ్ళకు కట్టాలి. 1939 ఆగస్టులో హిల్డెస్‌హైమ్ ప్రాంతంలో ఏర్పడిన ఈ డివిజన్‌లో 191, 194, 211 సంఖ్యలు గల మూడు పదాతి రెజిమెంట్లు, 171వ ఫిరంగి రెజిమెంటు, వాటికి తోడు ఇంజనీరు, సిగ్నల్, వైద్య, సరఫరా దళాలు ఉండేవి. అన్నీ కలిపితే 15 వేలకు పైగా మనుషులు, దాదాపు 5 వేల గుర్రాలు. ఈ పట్టికను కంప్యూటర్లో ఎక్కిస్తున్న ఆపరేటరు అమ్మాయి గుర్రాల వరుస దగ్గర ఆగి, ‘జర్మన్లంటే ట్యాంకులోళ్ళు కదా మాస్టారూ, మరి ఇన్ని గుర్రాలేటి?’ అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే అది. సినిమాల్లో కనిపించే జర్మన్ సైన్యం ట్యాంకుల మీద వస్తుంది కానీ, ఆ సైన్యంలో అత్యధిక భాగం కాలినడకన నడిచినదే. దాని ఫిరంగులను, వంటబండ్లను, గాయపడినవారిని లాగినవి గుర్రాలే. స్టాలిన్‌గ్రాడ్ ప్రకరణం అర్థం కావాలంటే ఈ వరుస కంటపడాలని చెప్పగానే ఆ అమ్మాయి దానిని పట్టిక అడుగు నుంచి పైకి తెచ్చి, బొద్దు అక్షరాల్లో పెట్టింది. నాకు తట్టని మార్పు అది.

ఈ దుకాణం పనితనాన్ని అంచనా వేయడానికి రోమన్ అంకెల వ్యవహారం ఒక్కటి చాలు. జర్మన్ లెక్కలో రెజిమెంటులోని మూడు బెటాలియన్లను రోమన్ అంకెలతోను, కంపెనీలను మామూలు అంకెలతోను రాస్తారు. 4, 8, 12 సంఖ్యల కంపెనీలు మెషిన్‌గన్లవి; 13వది పదాతి దళం సొంత ఫిరంగులది; 14వది ట్యాంకులను ఎదిరించేది. ఈ రెండు రకాల అంకెలు తారుమారైతే నూరుకు పైగా మంది ఉండే కంపెనీ చేసిన పని ఏడెనిమిది వందలమంది ఉండే బెటాలియన్ ఖాతాలో పడుతుంది. నేను ఇంట్లో యూనికోడ్‌లో కొట్టి ఇచ్చిన ఫైలును వారు పేజ్‌మేకర్ కోసం అను ఫాంటులోకి మార్చగానే రోమన్ అంకెలన్నీ అర్థంలేని తెలుగు ముక్కలుగా మారిపోయాయి. ఆ ఫాంటులో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు ఉంటాయి కాబట్టి మార్పిడిలో ఇది తప్పదు. చాలా చోట్ల అయితే ‘ప్రూఫులో మీరే చూసుకోండి’ అని చేతులు దులుపుకుంటారు. ఇక్కడ ఆ అమ్మాయి నా మూలప్రతిని పక్కన పెట్టుకొని, ప్రతి రోమన్ అంకెను వెతికి, వాటికి విడిగా ఒక స్టైలు తయారుచేసి, ఫాంటు మార్చింది. మొదటి ప్రూఫులో నేను దిద్దవలసినవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. వ్యక్తుల, ఊళ్ళ పేర్లకు ఒకే వర్ణక్రమం ఉండేలా ఒక జాబితా రాసి కంప్యూటరు పక్క గోడకు అంటించుకోవడం కూడా చూశాను.

మ్యాపులు, రేఖాచిత్రాలు కోరల్‌డ్రాలో గీసిన కుర్రాడికి అంతకుముందు లేఅవుట్ల బ్రోచర్లు గీసిన అనుభవమే తప్ప యుద్ధ పటాలతో పరిచయం లేదు. అదీ ఒకందుకు మేలే అయింది, ఎందుకంటే అర్థం కాని గీతను అతను గీయలేదు. జర్మన్ దాడిని ఆపడానికి ఫ్రాన్స్ తన సరిహద్దున కట్టిన మాజినో రేఖ కోటల్లో జర్మన్ల చేతికి చిక్కిన మొదటిది లా ఫెర్టె. దాన్ని పట్టుకున్నది ఈ డివిజనే. 1940 మే 18, 19 తేదీల్లో భారీ ఫిరంగులతో కోటను దద్దరిల్లజేసి, ఇంజనీరు దళం పేలుడు పదార్థాలతో పైకప్పు మీదికి చేరి, తుపాకీ గూళ్ళను, తిరిగే టరెట్‌ను ఒక్కొక్కటిగా పేల్చింది. పైన ఉండలేక లోపలివారు రెండు బ్లాకులను కలిపే భూగర్భ సొరంగంలోకి దిగారు. మంటల పొగ వారి వెంటే కిందికి దిగింది. కోటలో ఉన్న 107 మందిలో ఒక్కరు కూడా బతకలేదు. ఎక్కువమంది ఊపిరాడక చనిపోయారు. ఇది మాటల్లో చెబితే ‘పారిపోవచ్చు కదా’ అనిపిస్తుంది. కుర్రాడికీ అదే అనిపించింది. సొరంగానికి వేరే దారి ఎక్కడ ఉందని నన్ను అడిగి, రెండు బ్లాకుల గుండా తప్ప బయటపడే దారి లేదని తెలిశాక, కోటను నిలువుగా కోసినట్లు చూపే బొమ్మ గీశాడు. పైన దాడి జరిగిన చోట్లు ఎర్రగా, కింద మనుషులు ఉన్న చోటు బూడిద రంగులో, మెట్ల దారి మధ్యలో. పుస్తకం చదివినవారిలో ఎక్కువమంది ముందుగా మాట్లాడింది ఈ బొమ్మ గురించే.

ఆ మరుసటి నెల 15వ తేదీన వెర్డన్ కోటలు ఈ డివిజన్‌కు దక్కిన సంగతికి ఒక చిన్న పటం సరిపోయింది. 1916లో పది నెలల పాటు లక్షల మంది ప్రాణాలు తీసిన చోటు ఈసారి దాదాపు పోరే లేకుండా చేతులు మారింది. అక్కడి నుంచే డివిజన్‌కు ‘అదృష్ట డివిజన్’ అనే ఖ్యాతి స్థిరపడింది. దాని గుర్తు క్లోవర్ ఆకు, మన పులిచింతాకుకు దగ్గర పోలిక. అట్ట మీద ఆ ఆకు చాలునని నేను చెప్పినా, డిజైనరు మొదట ఇంటర్నెట్ నుంచి గద్దనూ హిట్లర్ స్వస్తికనూ తెచ్చి అట్ట నిండా పరిచాడు. గల్లాపెట్టె మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేసుకున్న దుకాణంలో ఆ గుర్తు ఎందుకు వద్దో వివరించడానికి కొంత సమయం పట్టింది. విషయం అర్థమయ్యాక మారు మాట్లాడకుండా తీసేశారు, డిజైను మార్చినందుకు అదనంగా అడగలేదు.

యజమానితో నాకు అభిప్రాయభేదం వచ్చింది ఒక్క చోటే. ఆయన కాగితం లెక్క చూసుకొని, పదహారు పేజీల ఫారాల్లోకి పుస్తకం సరిగ్గా ఇమడాలంటే కొన్ని పేజీలు తగ్గించాలని, ‘1941లో పౌరుల మీద జరిగిన హత్యల ప్రకరణం డివిజన్ యుద్ధాలకు నేరుగా సంబంధించినది కాదు గదా’ అని సూచించారు. డిజిటల్ ప్రింటులో ఫారాల బెంగ అంతగా అక్కరలేదన్నది పక్కన పెడదాం. పాత సైనికులు రాసుకున్న డివిజన్ చరిత్రల్లో చాలావరకు సరిగ్గా ఈ ప్రకరణాన్నే వదిలేస్తాయి. 1941లో సోవియట్ యూనియన్ మీద దండయాత్ర మొదట్లో 71వ డివిజన్ 17వ సైన్యంలో ఉండి గలీషియా (నేటి పశ్చిమ ఉక్రెయిన్ ప్రాంతం) మీదుగా నడిచింది. ఆ తరువాత 6వ సైన్యం కింద కీవ్ పోరులో పాల్గొంది. 1941 ఆగస్టులో అదే 6వ సైన్యపు ప్రాంతంలో, బీలా త్సెర్క్వా అనే ఊళ్ళో, తల్లిదండ్రులను కాల్చివేయగా మిగిలిన సుమారు 90 మంది యూదు పిల్లలను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. 295వ పదాతి డివిజన్ స్టాఫ్ అధికారి హెల్ముట్ గ్రోస్కుర్ట్ ఆ హత్యను ఆపడానికి ప్రయత్నించి, పై అధికారులకు రాతపూర్వకంగా నివేదించాడు. సైన్యాధిపతి రైషెనౌ హత్యకే అనుమతి ఇచ్చాడు. పిల్లలను చంపేశారు. సెప్టెంబరు 19న కీవ్ పడిపోయిన పది రోజులకు, 29, 30 తేదీల్లో, బాబీ యార్ లోయలో 33,771 మంది యూదులను కాల్చి చంపారు; ఈ సంఖ్య హంతకులు తామే రాసుకున్న నివేదికలోనిది. కాల్చినవారు 71వ డివిజన్ సైనికులని నేను రాయలేదు. అయితే ఆ సైన్యం వెళ్ళిన దారినే హంతక దళాలు వెళ్ళాయని, సైన్యం వారికి దారి, వాహనాలు, మౌనం సమకూర్చిందని రాయకుండా ఆ వేసవి గురించి రాయలేము. ప్రకరణం తీయనని చెప్పాను. యజమాని దాన్ని మొత్తం చదివి, మరునాడు అక్షరాల పరిమాణం అర పాయింటు తగ్గించి పేజీల లెక్క తానే సరిచేశారు. ‘ఉండనివ్వండి మాస్టారూ, అధస్సూచికల్లోకి కూడా నెట్టొద్దు’ అన్నారు. అచ్చుపని చేసేవారు మనం ఇచ్చినదాన్ని చదవరనే అభిప్రాయం ఉన్నవారు ఈ దుకాణానికి ఒకసారి వెళ్ళాలి.

అయితే ఆ అర పాయింటు సర్దుబాటు ఇంకోచోట దెబ్బ తీసింది. పదసూచిక అప్పటికే తయారై ఉంది. పేజీలు జరిగాక దాన్ని మళ్ళీ సరిచూడలేదు. ఫలితంగా పుస్తకం రెండో సగంలో సూచిక చెప్పిన పేజీకి ముందు పేజీలోనో అంతకు ముందు పేజీలోనో పేరు దొరుకుతుంది. చివరి ప్రూఫు తరువాత కూర్పు మారిస్తే నాకు చెప్పాలని ముందే మాట్లాడుకున్నాం; చెప్పలేదు. తప్పు ఒప్పుకొని, సవరణ పత్రం ఒకటి ఉచితంగా వేసి ప్రతి పుస్తకంలోనూ పెట్టి ఇచ్చారు.

స్టాలిన్‌గ్రాడ్ పటాలు ఈ పుస్తకానికి ప్రాణం. పశ్చిమాన కొన్నాళ్ళు విశ్రాంతి, పునర్నిర్మాణం ముగించుకొని 1942లో మళ్ళీ తూర్పుకు వచ్చిన డివిజన్, సెప్టెంబరు మధ్యలో త్సారిత్సా వాగుకు ఉత్తరాన నగరం నడిబొడ్డులోకి చొచ్చుకుపోయింది. 14వ తేదీన రైల్వే స్టేషను దగ్గర, వోల్గా రేవు దిక్కున జర్మన్లు ఉండగానే, ఆ రాత్రి సోవియట్ 13వ గార్డ్స్ డివిజన్ పడవల మీద నది దాటి వారికి ఎదురు నిలిచింది. స్టేషను నుంచి నదికి దూరం సుమారు ఒక కిలోమీటరే. ఆ కిలోమీటరును పెద్ద కొలతతో గీయమని అడిగినప్పుడు కుర్రాడు స్టేషను, ఉనివెర్మాగ్ అనే పెద్ద దుకాణం, చౌకు, రేవు నాలుగింటినీ పెట్టి, ఏ రోజు ఏది ఎవరి చేతిలో ఉందో చూపడానికి రంగుల బదులు గీతల రకాలు వాడాడు. నలుపు తెలుపులో అచ్చయినా తేడా తెలుస్తుందని అతని ఆలోచన. అలాగే తెలుస్తోంది. నవంబరు 19న సోవియట్ ఎదురుదాడి మొదలై, 23న జర్మన్ల చుట్టూ వలయం మూసుకుంది. అంతకుముందే మేత లేక గుర్రాల్లో చాలావాటిని పడమటికి పంపేశారు కాబట్టి, వలయంలో చిక్కిన పదాతి డివిజన్లకు ఫిరంగులను కదిలించే దారి లేకపోయింది; మిగిలిన గుర్రాలు తిండికి పోయాయి. పట్టికలో ఆపరేటరు పైకి తెచ్చిన వరుస ఇక్కడే అక్కరకు వచ్చింది.

1943 జనవరి చివరి వారంలో డివిజన్ కమాండరు హార్ట్‌మన్ రైలుకట్ట మీద నిటారుగా నిలబడి తుపాకీ పేలుస్తూ చనిపోయాడు. అది వీరమరణమా, లొంగిపోలేక ఎంచుకున్న చావా అన్నదాని మీద నా అభిప్రాయం పుస్తకంలో ఉంది, ఇక్కడ అక్కరలేదు. ఆయన స్థానంలోకి 194వ రెజిమెంటు అధికారి రోస్కె వచ్చాడు. ఆయన కార్యాలయం ఉనివెర్మాగ్ నేలమాళిగలో ఉండేది. ముందురోజే ఫీల్డ్‌మార్షల్ హోదా పొందిన 6వ సైన్యాధిపతి పౌలుస్ జనవరి 31న అక్కడే పట్టుబడ్డాడు. గుమ్మం దగ్గర మాటలు నడిపినది రోస్కె. సెప్టెంబరులో ‘అదృష్ట డివిజన్’ గెలుచుకున్న భవనంలోనే 6వ సైన్యాధిపతి కథ ముగిసింది. స్టాలిన్‌గ్రాడ్‌లో చివరికి బందీలైన సుమారు 91 వేల మందిలో ఇళ్ళకు చేరినవారు ఐదారు వేలు.

ఆ డివిజన్‌నే అదే సంఖ్యతో 1943లో మళ్ళీ నిలబెట్టి, రాప్‌కె నాయకత్వంలో ఇటలీ సరిహద్దుకు, తరువాత ఇటలీ రంగానికి పంపారు. ఇక్కడ తెలుగు పాఠకుడికి దగ్గరైన ఒక అంశం ఉంది. 1944 ఫిబ్రవరి 17 రాత్రి కసీనో రైల్వే స్టేషనును న్యూజీలాండ్ మావోరీ బెటాలియన్ పట్టుకుంటే, మరునాడు ట్యాంకుల అండతో దాన్ని తిరిగి లాక్కున్నది 71వ డివిజన్‌లోని 211వ రెజిమెంటు. అవే రోజుల్లో ఊరి పైన మాంటె కసీనో మఠం ఉన్న కొండ మీద జర్మన్లతో తలపడింది 4వ భారత డివిజన్. దానికి ఇంజనీర్లుగా ఉన్నవారిలో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌కు చెందిన 12వ ఫీల్డ్ కంపెనీ ఒకటి. నాటి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి సైనికులను తీసుకున్న ఆ దళంలో తమిళులు, మలయాళీలు, కన్నడిగులతోపాటు తెలుగువారూ ఉండేవారు. ‘మన ఊరి మీద బాంబులు వేసింది వీళ్ళేనా?’ అని యజమాని అడిగితే, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు వేసింది జపాన్ విమానాలని చెప్పి, మనవాళ్ళు జర్మన్లతో తలపడ్డ చోటు ఇదీ అని ఈ పటమే చూపించాను. మే నెలలో ఫ్రెంచి కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దళం) అవురుంచి కొండల గుండా వచ్చి ఈ డివిజన్‌ను చీల్చివేయడం, ఆగస్టులో ఆడ్రియాటిక్ తీరాన మెటౌరో నది దగ్గర పోరు, తరువాత హంగరీ, 1945 మేలో ఆస్ట్రియాలో ముగింపు, ఇవన్నీ పుస్తకంలోనే క్లుప్తంగా ఉన్నాయి.

ఈ ఇటలీ పటం దగ్గరే బైండింగ్ ఫిర్యాదు మొదలవుతుంది. ఎదురెదురు పేజీల్లో పరిచిన పటానికి మధ్యలో గమ్ బైండింగ్ మింగే జాగా వదలలేదు. గారిల్యానో నది కింది భాగం, అంటే మే నెలలో డివిజన్ నిలబడిన రేఖ, పుస్తకాన్ని వెన్ను విరిగేలా తెరిస్తే తప్ప కనిపించదు. కుట్టు బైండింగ్ అయితే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. ఆ సౌకర్యం ఇక్కడ లేదు, బయటికి పంపాలి. రెండోది అట్ట. ఒకవైపే మ్యాట్ లామినేషన్ చేసిన ఆర్ట్ కార్డు మన సముద్రపు గాలికి లోపలివైపు తేమ పీల్చుకొని, పుస్తకం నుంచి పైకి లేచి వంకర తిరుగుతోంది. బరువు పెట్టి ఉంచితే సర్దుకుంటుంది కానీ, విశాఖలో ముప్పై ఏళ్ళుగా అచ్చుపని చేస్తున్నామని చెప్పేవారు కాగితపు నార దిక్కు చూసి కోయించాల్సింది.

ఫోటోల విషయంలో నిందించడానికి పెద్దగా లేదు. జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ 2008లో వికీమీడియాకు ఇచ్చిన దాదాపు 80 వేల ఫోటోల్లోంచి కొన్నిటిని, సంస్థ పేరు, లైసెన్సు వివరాలతో వాడుకున్నాను. వాటి పొడవైన పక్క 800 పిక్సెళ్ళే. మంచి అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలి కాబట్టి రెండున్నర అంగుళాలు దాటితే బొమ్మ పగులుతుందని ఆపరేటరు లెక్క వేసి చెప్పింది. అందుకే ఫోటోలు చిన్నవిగా ఉన్నాయి. పూత లేని మాప్‌లితో కాగితం మీద నీడలు మరీ నల్లబడ్డాయి. ఫోటోల వరకు ఆర్ట్ పేపరు వేయించుకోవడం మేలు.

డబ్బు దగ్గర పేచీ లేదు. కొటేషన్‌లో రాసిన మొత్తమే తీసుకున్నారు. రంగు పేజీల ధర విడిగా ముందే చెప్పారు. గడువు మాత్రం తప్పింది. శ్రావణమాసపు ముహూర్తాలకు శుభలేఖలు మీదపడితే మిగతా పనులన్నీ పక్కకు పోతాయి. ఆషాఢంలో పని ఇస్తే సావకాశంగా చేస్తారు. మీ పుస్తకంలో రెండు పేజీలకు పరిచే పటం ఉంటే, మధ్యలో కనీసం అర అంగుళం ఖాళీ వదలమని ఆర్డరు కాగితం మీదే రాయించుకోండి. పదసూచికను చివరి కూర్పు తరువాతే మొదలుపెట్టించండి. నేను మరిన్ని ప్రతులు ఇక్కడే వేయిస్తున్నాను, ఈసారి ఇటలీ పటాన్ని విడి మడతకాగితంగా, పుస్తకాన్ని బయట కుట్టించి.